ప్రవేశం నుంచి స్థానం దాకా: పెరుగుతున్న విశ్వవిద్యాలయంలో మహిళా డీన్

(దుర్గాబాయి దేశ్‌ముఖ్ స్మృతిలో జగదల్‌పూర్‌లో చేసిన స్మారకోపన్యాసం పాఠం)

 

దుర్గాబాయి దేశ్‌ముఖ్ 1909లో రాజమండ్రిలో పుట్టారు. ఈ ఊరి పక్కన పారే ఇంద్రావతి భద్రకాళి దగ్గర గోదావరిలో కలిసి ఆ రాజమండ్రికే చేరుతుంది. బస్తర్‌కూ తెలుగునేలకూ ఉన్న బంధం నదితో ఆగలేదు. ఓరుగల్లు పతనం తర్వాత కాకతీయ వంశీకుడు అన్నమదేవుడు ఇటు వచ్చి రాజ్యం స్థాపించాడని ఇక్కడి రాజవంశ సంప్రదాయం చెబుతుంది. జగదల్‌పూర్ ప్రభుత్వ స్నాతకోత్తర కళాశాలకు కాకతీయుల పేరే ఉంది. అరవయ్యో దశకంలో బైలాడీలా గనులు, కొత్తవలస–కిరందుల్ రైలుమార్గం వచ్చినప్పుడు విశాఖ వైపు నుంచి ఎన్నో కుటుంబాలు ఇక్కడికి తరలివచ్చాయి. అందువల్ల బస్తర్ విశ్వవిద్యాలయం గురించి తెలుగులో మాట్లాడటం పరాయి ఇంటి విషయంలో తలదూర్చడం కాదని నా నమ్మకం.

ఒక వ్యక్తి మొదలుపెట్టి మనకు అప్పగించి వెళ్లిన ఆలోచనను మరికొంత ముందుకు నడిపించడమే స్మారకోపన్యాసం ధర్మం. ఈనాటి అంశం దుర్గాబాయి జీవితంలోని ఒక ఘటనలోంచి వచ్చింది.

వాల్తేరులో ఒక ప్రశ్న

ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చేరడానికి వెళ్లేనాటికే దుర్గాబాయి ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు వెళ్లివచ్చిన కార్యకర్త. బాల్యంలో జరిగిన పెళ్లి నుంచి బయటపడి, ఆగిపోయిన చదువును మళ్లీ అందుకుని, కాశీ హిందూ విశ్వవిద్యాలయం మెట్రిక్యులేషన్ గట్టెక్కి, రాజనీతిశాస్త్రం చదవాలని ఆమె వాల్తేరు చేరారు. అప్పటి వైస్ చాన్సలర్ కట్టమంచి రామలింగారెడ్డి. ఆడవాళ్ల చదువుకు ఆయన విరోధి కాదు. కాని విశ్వవిద్యాలయంలో ఆడపిల్లలకు హాస్టల్ లేదు కాబట్టి చేర్చుకోవడం కష్టమన్నారు. దుర్గాబాయి పత్రికల్లో ప్రకటన వేయించారు. హాస్టల్ లేక చదువు ఆగిన అమ్మాయిలు ఎవరైనా ఉంటే తనకు రాయమని కోరారు. రాసినవాళ్లను కలుపుకొని విద్యార్థినుల హాస్టల్ ఏర్పాటుచేసి, ఆ తర్వాతే సీటు సంపాదించారు. తన ఆత్మకథ ‘చింతామన్ అండ్ ఐ’లో ఈ సంగతి ఆమే చెప్పుకున్నారు.

ఈ కథను మనం పట్టుదలకు ఉదాహరణగా చెప్పుకుంటూ వచ్చాం. దానిలో మరో పాఠం ఉంది. ఆడవాళ్లు చదవకూడదని ఆ విశ్వవిద్యాలయం నియమం పెట్టుకోలేదు, ఎవరూ ద్వేషంతో తలుపు వేయలేదు. అయినా తలుపు తెరుచుకోలేదు. ఆడపిల్ల ఎక్కడ ఉండాలి, ఏం తినాలి, జబ్బుచేస్తే ఎవరు చూడాలి అన్న ప్రశ్నలకు జవాబు చెప్పవలసిన మనిషి ఆ వ్యవస్థలో లేకపోవడమే దానికి కారణం. ఆ ఖాళీని చేరడానికి వచ్చిన విద్యార్థిని పూడ్చింది. ఇంకా విద్యార్థిని కాకముందే దుర్గాబాయి తనకు తానే డీన్ కావలసివచ్చింది.

ఎంతమంది ఆడపిల్లలు దుర్గాబాయిలు కాగలరు? ప్రకటన వేయించే తెగువ లేక, వేసినా చదివేవాళ్లు లేని ఊళ్లలో ఉండి, వెనుదిరిగి వెళ్లినవారి లెక్క ఏ రిజిస్టరులోనూ ఉండదు. అందుకే నా ప్రతిపాదన ఇది. ఆడపిల్లలకు ప్రవేశం ఇచ్చినంత మాత్రాన విశ్వవిద్యాలయం వాళ్లది కాదు. వాళ్ల తరఫున హోదాతో, అధికారంతో, నిర్ణయాలు జరిగే బల్ల దగ్గర కూర్చుని మాట్లాడే స్థానం ఒకటి ఉండాలి. ఆ స్థానం విశ్వవిద్యాలయం పెరుగుతున్న దశలోనే ఏర్పడాలి. అలవాట్లు గట్టిపడ్డాక దాన్ని పైనుంచి అతికించడం చాలా కష్టం.

పదవి పుట్టిన చోటు

మహిళా డీన్ అనే పదవి అమెరికాలో రూపుదిద్దుకుంది. ఒహాయో రాష్ట్రంలోని ఓబర్లిన్ కళాశాల 1837లో ఆడవాళ్లను డిగ్రీ చదువుకు చేర్చుకుంది. ఆ దేశ అంతర్యుద్ధం ముగిశాక రాష్ట్ర విశ్వవిద్యాలయాలు ఒక్కొక్కటే అదే దారి పట్టాయి. చేర్చుకున్నాక పాలకులకు దిగులు మొదలైంది. ఈ అమ్మాయిలు ఎక్కడుంటారు, ఎవరితో మాట్లాడతారు, ఊరు ఏమనుకుంటుంది? ఆ దిగులు తీర్చుకోవడానికి వయసు మళ్లిన ఒక పెద్దావిడను తెచ్చి కూర్చోబెట్టేవారు. ఆమె పని కాపలా. ఆమెకు పాఠం చెప్పే హక్కు ఉండదు, ఓటు ఉండదు, ఆమె రాసిన నివేదికను చర్చించే సభా ఉండదు.

ఈ స్థితిని మార్చిన ముగ్గురు మహిళలను ప్రత్యేకంగా చెప్పుకోవాలి. షికాగో విశ్వవిద్యాలయం 1892లో తరగతులు మొదలుపెట్టినప్పుడే దాని అధ్యక్షుడు విలియం రైనీ హార్పర్, వెల్లెస్లీ కళాశాల మాజీ అధ్యక్షురాలు ఆలిస్ ఫ్రీమన్ పామర్‌ను డీన్‌గా ఆహ్వానించాడు. ఆమె తనతో తీసుకువచ్చిన మేరియన్ టాల్బట్ ఈ ముగ్గురిలో మొదటి మహిళ. పామర్ మూడేళ్లకు వెళ్లిపోయింది, టాల్బట్ 1925 దాకా ఉండిపోయింది. పదేళ్లు తిరిగేసరికి ఆ విశ్వవిద్యాలయంలో ఆడపిల్లల సంఖ్య మగపిల్లలతో సమానమయ్యే స్థితికి వచ్చింది. అది చూసి కలవరపడిన పాలకులు 1902లో మొదటి రెండేళ్ల తరగతులను ఆడ, మగ అని వేరుచేయాలని నిర్ణయించారు. టాల్బట్ ఆ నిర్ణయాన్ని ఎదిరించింది. ఆమె మాట ఆ రోజు నెగ్గలేదు. కాని ఆ అభ్యంతరం విశ్వవిద్యాలయం లోపలి నుంచి, ఆచార్య వర్గానికి చెందిన ఒక మహిళ నోటి నుంచి వచ్చింది. గడప అవతల నిలబడి చేసే విన్నపానికీ లోపల కూర్చుని చెప్పే అభ్యంతరానికీ ఎంతో తేడా ఉంది.

రెండో మహిళ లోయిస్ కింబాల్ మాథ్యూస్. చరిత్రకారిణి. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం 1911లో డీన్ పదవి ఇవ్వజూపినప్పుడు, చరిత్ర శాఖలో ఆచార్య హోదా ఇస్తేనే వస్తానని ఆమె షరతు పెట్టింది. పాఠం చెప్పే మనిషి మాటకే విద్యాలయంలో విలువ ఉంటుందని ఆమెకు తెలుసు. 1915లో ఆమె రాసిన ‘ది డీన్ ఆఫ్ విమెన్’ ఈ పదవి గురించి వచ్చిన తొలి గ్రంథంగా పేరుపడింది. మరుసటి ఏడాది మహిళా డీన్లకు జాతీయ సంఘం ఏర్పడింది. కొలంబియా విశ్వవిద్యాలయం టీచర్స్ కాలేజీ ఈ పనికి ప్రత్యేకంగా చదువు చెప్పసాగింది. కాపలా పని ఈ విధంగా ఒక విద్యావృత్తి అయింది.

మూడో మహిళ లూసీ డిగ్స్ స్లో కథ బస్తర్‌కు మరింత దగ్గరిది. వాషింగ్టన్‌లోని హోవార్డ్ విశ్వవిద్యాలయం నల్లజాతి ప్రజల ఉన్నతవిద్యకు నిలయం. 1922లో ఆమె అక్కడ మహిళా డీన్‌గా చేరింది. తన విద్యార్థినుల్లో చాలామంది తమ గురించి తాము నిర్ణయించుకునే అవకాశం ఎన్నడూ దొరకని ఇళ్ల నుంచి వస్తున్నారని ఆమె గ్రహించింది. అటువంటివాళ్లకు మరిన్ని ఆంక్షలు పెట్టడం చదువు చెప్పడం అనిపించుకోదని వాదించింది. వాళ్ల కోసం హాస్టళ్లు కట్టించింది, వాటి నిర్వహణలో వాళ్లకే భాగం ఇచ్చింది. కొన్నేళ్లకు పాలకులు ఆమెనే హాస్టల్‌లో ఉండి పిల్లల రాకపోకలు చూసుకోమన్నారు. ఆచార్యురాలిని మేట్రన్ స్థాయికి దించే ఆ ప్రయత్నాన్ని ఆమె చివరిదాకా నిరోధించింది. 1937లో పదవిలో ఉండగానే కన్నుమూసింది.

1972లో అమెరికాలో విద్యలో లింగవివక్షను నిషేధించే చట్టం వచ్చింది. అప్పటికే చాలాచోట్ల ఈ పదవిని విద్యార్థుల డీన్ కార్యాలయంలో కలిపేయడం మొదలైంది. రాత్రి వేళల ఆంక్షలు పోయాయి, అది మంచిదే. దానితోపాటు ఉన్నతాధికార వర్గంలో మహిళలకు ఉన్న ఒకే ఒక్క కుర్చీ చాలా విశ్వవిద్యాలయాల్లో మాయమైంది. కాపలాను వదిలించుకునే తొందరలో ప్రాతినిధ్యం కూడా చేజారింది. మనం ఈ పదవి గురించి ఆలోచించేటప్పుడు ఆ రెండింటినీ విడదీసి చూడాలి.

మన దేశంలో దారి

కలకత్తా విశ్వవిద్యాలయం 1878లో ఆడవాళ్లకు పరీక్షలు రాసే హక్కు ఇచ్చింది. 1883లో కాదంబినీ బసు, చంద్రముఖీ బసు పట్టభద్రులయ్యారు. మన దక్షిణాదిన 1914లో మద్రాసులో వచ్చిన క్వీన్ మేరీస్ కళాశాల, 1924లో హైదరాబాదులో మొదలై తర్వాత కోఠీ రెసిడెన్సీ భవనానికి చేరిన మహిళా కళాశాల ఎన్నో తరాలకు చదువు చెప్పాయి. మహిళా కళాశాలలో ప్రిన్సిపాల్ మహిళ, అధ్యాపకులు మహిళలు, వార్డెన్ మహిళ. అక్కడ ఆడపిల్ల తరఫున ఎవరు మాట్లాడాలన్న ప్రశ్న తలెత్తదు. ఆ ప్రశ్న ఉమ్మడి విశ్వవిద్యాలయంలో తలెత్తుతుంది. అక్కడ అందరి బాధ్యత అనుకున్నది ఎవరి బాధ్యతా కాకుండా పోతుంది.

దుర్గాబాయి ఈ సంగతిని పాలనా స్థాయిలో గుర్తించారు. 1958లో కేంద్ర ప్రభుత్వం నియమించిన జాతీయ మహిళా విద్యా కమిటీకి ఆమె అధ్యక్షురాలు. మరుసటి ఏడాది సమర్పించిన నివేదికలో, స్త్రీవిద్యను కొన్నేళ్లపాటు ప్రత్యేక సమస్యగా పరిగణించాలని కమిటీ చెప్పింది. కేంద్ర విద్యామంత్రిత్వ శాఖలో దీనికోసం ప్రత్యేక విభాగం ఉండాలనీ, రాష్ట్రాల్లో ఆడపిల్లల విద్యకు ఉన్నత హోదా గల మహిళాధికారిని బాధ్యురాలిని చేయాలనీ సిఫారసు చేసింది. నిధులు అడగడం అందరూ చేసే పని. ఆమె నిధులతోపాటు పదవి అడిగారు, ఆ పదవికి హోదా అడిగారు. వాల్తేరులో ఆమెకు ఎదురైన లోపానికి ఇది రెండు దశాబ్దాల తర్వాత ఆమె ఇచ్చిన జవాబు.

తర్వాతి దశాబ్దాల్లో చట్టం మరో వైపు నుంచి వచ్చింది. 1997లో ‘విశాఖ’ అనే సంస్థ వేసిన కేసులో సుప్రీంకోర్టు పనిచేసే చోట లైంగిక వేధింపులకు వ్యతిరేకంగా మార్గదర్శకాలు ఇచ్చింది. 2013లో పార్లమెంటు చట్టం చేసింది. అదే ఏడాది విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘం (యూజీసీ) నియమించిన బృందం ‘సక్షమ్’ నివేదిక ఇచ్చింది. 2015 నాటి యూజీసీ నిబంధనలు ప్రతి ఉన్నత విద్యాసంస్థలో అంతర్గత ఫిర్యాదుల కమిటీని తప్పనిసరి చేశాయి. దానికి సీనియర్ మహిళా అధ్యాపకురాలు అధ్యక్షత వహించాలి, విద్యార్థులకు కూడా ప్రాతినిధ్యం ఉండాలి. భద్రత పేరు చెప్పి హాస్టళ్లలో ఆడపిల్లలకు వివక్షతో కూడిన నియమాలు పెట్టకూడదని కూడా ఆ నిబంధనలు స్పష్టంగా చెప్పాయి. ఇవి గొప్ప విజయాలు. అయితే ఫిర్యాదు కమిటీ అన్యాయం జరిగాక కూర్చుంటుంది. అన్యాయానికి చోటివ్వని రోజువారీ జీవితాన్ని కట్టే పని ఇంకెవరో చేయాలి.

బస్తర్ నేల

బస్తర్ డివిజన్ వైశాల్యంలో కేరళ రాష్ట్రం కన్నా పెద్దది. ఒకప్పటి ఒకే జిల్లా ఇప్పుడు ఏడు జిల్లాలు: బస్తర్, కొండగావ్, కాంకేర్, నారాయణ్‌పూర్, దంతెవాడ, బీజాపూర్, సుక్మా. ఇక్కడి కళాశాలలన్నీ చాలాకాలం రాయ్‌పూర్‌లో 1964లో స్థాపించిన పండిత్ రవిశంకర్ శుక్ల విశ్వవిద్యాలయానికి అనుబంధంగా ఉండేవి. ఒక చిన్న కాగితం కోసం జగదల్‌పూర్ విద్యార్థి దాదాపు 300 కిలోమీటర్లు పోవలసివచ్చేది. 2008లో బస్తర్ విశ్వవిద్యాలయం ఏర్పడింది, ఇప్పుడు దాని పేరు షహీద్ మహేంద్ర కర్మ విశ్వవిద్యాలయం. అది ఇంకా పెరిగే వయసులో ఉన్న సంస్థ. దీనికి ఇరుగుపొరుగున కూడా కొత్త విశ్వవిద్యాలయాలు వస్తున్నాయి. ఆంధ్రప్రదేశ్ కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయానికి 2019లో, ములుగులోని సమ్మక్క సారక్క కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయానికి 2023లో చట్టాలు అయ్యాయి. నేను ఇక్కడి గురించి చెప్పేది వాటికీ వర్తిస్తుంది.

2011 జనాభా లెక్కల్లో బీజాపూర్ జిల్లా అక్షరాస్యత 41 శాతానికి చేరలేదు. దంతెవాడలో అది 42 శాతం. ఆడవాళ్ల అక్షరాస్యత అంతకన్నా తక్కువ. 2005 తర్వాతి సంవత్సరాల హింసలో ఊళ్లు ఖాళీ అయ్యాయి, బడులు మూతపడ్డాయి, ఎన్నో కుటుంబాలు గోదావరి దాటి ఖమ్మం, వరంగల్ అడవుల్లోకి తరలిపోయాయి. ఇక్కడ మిగిలిన పిల్లల కోసం ప్రభుత్వం వెదురు తడికెలతో పోటా కేబిన్ బడులు కట్టింది. అంతకుముందు నుంచీ ఆశ్రమశాలలు ఉన్నాయి, కస్తూర్బా బాలికా విద్యాలయాలు కూడా ఉన్నాయి. అంటే ఈ విశ్వవిద్యాలయానికి వచ్చే ఆదివాసీ అమ్మాయిల్లో ఎంతోమంది ఆరేడేళ్ల వయసు నుంచే ఇంటికి దూరంగా హాస్టళ్లలో పెరిగినవాళ్లు. గంట మోగితే లేవడం, గంట మోగితే తినడం, అడిగితే తప్ప మాట్లాడకపోవడం వాళ్లకు పదేళ్ల అలవాటు. కాపలాలో ఇన్నేళ్లు పెరిగిన పిల్లకు డిగ్రీ చదివేటప్పుడు ఇంకో కాపలాదారు అవసరం లేదు. నియమాలు రాసేచోట తన మాట చెప్పే పెద్దదిక్కు, ఆ మాట తానే చెప్పుకోగలిగేలా తీర్చిదిద్దే గురువు కావాలి.

అలాంటి బాధ్యత ఈ నేలకు కొత్త కాదు. నారాయణ్‌పూర్, కొండగావ్ ప్రాంతాల మురియా సమాజంలో పెళ్లికాని యువతీయువకులు కలిసి గడిపే ఘోటుల్ గురించి వెరియర్ ఎల్విన్ 1947లో పెద్ద గ్రంథం ప్రచురించాడు. బయటివాళ్లు ఘోటుల్‌ను కుతూహలంతో చూసి, దానిలోని కట్టుబాటును గమనించకుండా వదిలేశారు. అక్కడ యువతులకు వాళ్లలోంచే ఒక నాయకురాలు ఉంటుంది. ఆమె బిరుదు బెలోసా. ఎవరి వంతు పని ఎవరు చేయాలి, తగవు వస్తే ఎలా తీర్చాలి, కొత్తగా వచ్చిన చిన్నపిల్లకు ఎవరు తోడుండాలి అన్నవి ఆమె బాధ్యతలో భాగం. తమలోంచి వచ్చిన ఒకరికి హోదా ఇచ్చి, ఆ హోదాను గౌరవించి, దాని కింద తమను తాము నడుపుకోవడం ఆ అమ్మాయిల అమ్మమ్మలకు తెలుసు. ఆశ్రమశాల ఆ విద్యను మరిపించింది. విశ్వవిద్యాలయం దాన్ని తిరిగి అందించగలదు.

హోదాకు అధికారం తోడుకాకపోతే ఏమవుతుందో కూడా బస్తర్ చరిత్రే చెబుతుంది. 1921లో బస్తర్ రాజు రుద్రప్రతాప్ దేవ్ మరణించాక ఆయన కుమార్తె ప్రఫుల్ల కుమారీ దేవి ఈ రాజ్యానికి రాణి అయింది. ఆమె మైనరుగా ఉన్నంతకాలం రాజ్యం నడిపింది బ్రిటిష్ ప్రభుత్వం నియమించిన అధికారులు. 1936లో లండన్‌లో చిన్నవయసులోనే ఆమె మరణించింది. సింహాసనం ఆమెది, సంతకం ఇంకొకరిది. మహిళా డీన్ పదవిని మనం సృష్టించి, దానికి సంతకం చేసే అధికారం ఇవ్వకపోతే అదే చరిత్ర చిన్న పరిమాణంలో మళ్లీ జరుగుతుంది.

ఆ కుర్చీలో కూర్చున్నామె చేయవలసిన పనులు

మొదటి పని విద్యామండలిలో. ఈ అడవుల్లో మార్చి, ఏప్రిల్ నెలలు ఇప్పపూల కాలం. తెల్లవారుజామున చెట్టు కింద రాలిన పూలు ఏరేది ఎక్కువగా ఆడవాళ్లు, పిల్లలు. ఆ వెంటనే తునికాకు కోత. చింతపండు గింజ తీసి అమ్మే పని కూడా ఆ వేసవిలోనే. ఆ కొద్ది వారాల సంపాదనతో ఇల్లు నెలల తరబడి గడుస్తుంది. ఇంటికి వెళ్లిన అమ్మాయి పరీక్షకు తిరిగి రాకపోతే మనం శ్రద్ధ లేదంటాం. పరీక్షల తేదీలు వేసేటప్పుడు అడవి పంచాంగం తెలిసిన ఒక్కరు ఆ గదిలో ఉంటే తేదీలు మారవచ్చు, మారకపోయినా మరోసారి పరీక్ష రాసే అవకాశమైనా దొరకవచ్చు. ఇది సంక్షేమ కార్యక్రమం కింద వచ్చేది కాదు. ఇది విద్యావిషయక నిర్ణయం, కాబట్టి డీన్‌కు విద్యామండలిలో స్థానం, ఓటు ఉండాలి. ఆమె ఆచార్యురాలై ఉండాలి, పాఠం చెబుతూ ఉండాలి.

రెండో పని శాఖల మధ్య చీలిపోయిన బాధ్యతను ఒకచోటికి చేర్చడం. ఈ ప్రాంతంలో కళాశాల విద్యార్థినులు ఉండే హాస్టళ్లలో అధికభాగం ఆదిమజాతి అభివృద్ధి శాఖ నడిపేవి. చదువు ఉన్నతవిద్యా శాఖది. ఆరోగ్యం ఆరోగ్య శాఖది. ఉపకారవేతనం మరో పోర్టల్‌లో, కులధ్రువీకరణ తహసీల్ కార్యాలయంలో. వలసపోయి తిరిగివచ్చిన కుటుంబం పిల్ల దగ్గర ఆ పత్రమే ఉండదు. ఈ అయిదు తలుపుల మధ్య తిరిగి అలసిపోయిన అమ్మాయి మొదటి ఏడాదే చదువు మానేస్తుంది. ఆమె తరఫున ఆ అయిదు చోట్లకూ ఉత్తరం రాసి, జవాబు రాబట్టగల హోదా వార్డెన్‌కు ఉండదు, డీన్‌కు ఉంటుంది.

మూడోది ఆరోగ్యం. మధ్యభారత ఆదివాసీ ప్రాంతాల్లో సికిల్ సెల్ వ్యాధి వంశపారంపర్యంగా వస్తోంది. దేశం 2023లో దాని నిర్మూలనకు జాతీయ కార్యక్రమం మొదలుపెట్టింది. మలేరియా మీద బస్తర్‌లో 2020 నుంచి ప్రత్యేక ప్రచారం నడుస్తోంది. రక్తహీనత ఉన్న పిల్ల పాఠం వింటూ నిద్రలోకి జారుకుంటే దాన్ని బద్ధకంగా చూసే అధ్యాపకుడికి ఆమె రక్తపరీక్ష సంగతి తెలియదు. ప్రవేశ సమయంలోనే పరీక్షలు చేయించడం, ఫలితం గోప్యంగా ఉంచడం, వ్యాధి వాహకురాలైన అమ్మాయికి భయం పుట్టకుండా వివరించడం, నొప్పులు వచ్చిన రాత్రి ఆసుపత్రికి వాహనం సిద్ధంగా ఉంచడం అన్నీ డీన్ కార్యాలయం లిఖితపూర్వకంగా బాధ్యత వహించవలసిన పనులు.

నాలుగోది మాట. గోండీ, హల్బీ, దోర్లీ, ధుర్వా, భత్రీ, తెలుగు మాట్లాడే ఇళ్ల నుంచి పిల్లలు వస్తారు. విశ్వవిద్యాలయం వాళ్లతో హిందీలో మాట్లాడుతుంది, పుస్తకం కొన్నిసార్లు ఇంగ్లీషులో మాట్లాడుతుంది. పాఠం కష్టపడి అర్థం చేసుకోవచ్చు. అవమానం గురించి చెప్పుకోవడానికి మాత్రం ఇంటిభాషే కావాలి. ఫిర్యాదు ఇంటిభాషలో వినే మనిషి లేనిచోట ఫిర్యాదులు రావు. ఫిర్యాదులు రాని కళాశాల క్షేమంగా ఉందని మనం పొరబడతాం. చట్టప్రకారం ఫిర్యాదుకు సాధారణంగా మూడు నెలల గడువు. భోపాల్‌పట్నం కళాశాల అమ్మాయి రెండువందల కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న జగదల్‌పూర్‌కు వచ్చి కమిటీ గది వెతుక్కునేలోపు ఆ గడువు కరిగిపోతుంది. అందుచేత డీన్ జగదల్‌పూర్ భవనంలో కూర్చుంటే చాలదు. ప్రతి అనుబంధ కళాశాలలో ఆమెకు ప్రతినిధి ఉండాలి, ఏడు జిల్లాలకూ ఆమె పర్యటన ముందే ప్రకటించాలి.

అయిదోది, అన్నిటికన్నా ముఖ్యమైనది, విద్యార్థినుల స్వపరిపాలన. హాస్టల్ వేళలు, భోజనం, అతిథుల నియమాలు విద్యార్థినులే చర్చించి రాసుకోవాలి, తప్పయితే మార్చుకోవాలి. గ్రామసభలో, పంచాయతీలో, కార్యాలయంలో రేపు మాట్లాడవలసిన మహిళ తొలి తీర్మానం ప్రతిపాదించేది హాస్టల్ సమావేశంలోనే.

అభ్యంతరాలు

విద్యార్థి సంక్షేమ డీన్ ఉండగా మహిళలకు వేరే డీన్ దేనికని కొందరు గౌరవంగానే అడుగుతారు. సంక్షేమ డీన్ కార్యాలయానికి క్రీడలు, యువజనోత్సవాలు, ఎన్నికలు, క్రమశిక్షణ అన్నీ ఉంటాయి. వాటి మధ్య ఆడపిల్లల విషయం ప్రమాదం జరిగినప్పుడే పైకి వస్తుంది. చండీగఢ్‌లోని పంజాబ్ విశ్వవిద్యాలయం విద్యార్థి సంక్షేమానికి మహిళా డీన్ పదవిని వేరుగా ఉంచుకుంది. మన దేశంలోనే ఉన్న నమూనా అది.

ప్రత్యేక పదవి వస్తే పాత ఆంక్షలు తిరిగి వస్తాయన్న భయం ఇంకొందరిది. ఆ భయానికి కారణం ఉంది. చరిత్రలో ఈ పదవి కాపలాగానే మొదలైంది. కాబట్టి పదవిని సృష్టించే ఆర్డినెన్సులోనే దాని పరిధి రాయాలి. ఆడపిల్లలకు మాత్రమే వర్తించే నియమం ఏదీ డీన్ పెట్టడానికి వీల్లేదని, విద్యార్థినుల కమిటీ అంగీకారం లేకుండా హాస్టల్ నియమం మారదని, ఏటా నివేదికను పాలకమండలి చర్చించి తీరాలని రాయాలి.

నిధులు లేవు, అధ్యాపక పోస్టులే ఖాళీగా ఉన్నాయన్నది మూడో అభ్యంతరం. అది నిజమైన కష్టం. దాని వల్లనే ఈ బాధ్యతను ఎవరో ఒక అధ్యాపకురాలికి ప్రభారీగా, అదనపు బాధ్యతగా అంటగట్టడం జరుగుతుంది. ఆమె పాఠాలు తగ్గవు, గుమాస్తా ఉండరు, వాహనం ఉండదు, గది ఉండదు. ఏడాదికి ఆమె అలసిపోతుంది, మరొకరి పేరు బోర్డు మీదకు ఎక్కుతుంది. చదువు మధ్యలో ఆగిన ప్రతి అమ్మాయి మీద ప్రభుత్వం బడి స్థాయి నుంచి పెట్టిన ఖర్చు వృథా అవుతుంది. ఆ నష్టం ఏ బడ్జెట్ పద్దులోనూ కనపడదు కాబట్టి డీన్ జీతం ఖర్చుగా కనపడుతుంది.

ఇప్పుడే ఎందుకు

పెరుగుతున్న విశ్వవిద్యాలయానికి ఒక అదృష్టం ఉంది. దాని ఆనవాయితీలు ఇంకా రాసి ముగియలేదు. ఏ భవనం ముందు కట్టాలి, ఏ కమిటీలో ఎవరు కూర్చోవాలి, రాత్రి లైబ్రరీ ఎవరికి తెరిచి ఉండాలి అన్నవి ఈ దశాబ్దంలో తీసుకునే నిర్ణయాలు. ఇవి ఒకసారి కుదిరితే తర్వాతి తరం వాటిని సహజమనుకుంటుంది. షికాగోలో మొదటి ఏడే డీన్ ఉండటం వల్ల పదేళ్ల తర్వాత వచ్చిన వేర్పాటు నిర్ణయాన్ని ప్రశ్నించే గొంతు సిద్ధంగా ఉంది. హాస్టళ్ల కొరత తీరాక, సంఖ్య పెరిగాక, వివాదం వచ్చాక డీన్‌ను నియమిద్దామనుకునే విశ్వవిద్యాలయం ఆమెను సంజాయిషీ చెప్పడానికి మాత్రమే నియమించుకుంటుంది.

ఈ సభ ద్వారా విశ్వవిద్యాలయ పెద్దల ముందు నేను పెట్టే విన్నపం స్పష్టమైనది. పూర్తికాలపు మహిళా డీన్ పదవిని ఆర్డినెన్సు ద్వారా ఏర్పాటు చేయండి. ఆచార్య హోదా, విద్యామండలిలో ఓటు, సొంత బడ్జెట్, అనుబంధ కళాశాలల మీద తనిఖీ అధికారం ఇవ్వండి. ఇక్కడి భాషల్లో కనీసం ఒకటి మాట్లాడగలగడాన్ని అర్హతగా పెట్టండి. ఇక్కడి తెలుగు కుటుంబాలను కూడా ఒకటి అడుగుతున్నాను. కోంటా నుంచి, భోపాల్‌పట్నం నుంచి చదువుకోవడానికి వచ్చే అమ్మాయికి ఈ ఊళ్లో మొదటి నెల ఒంటరిగా గడవకుండా చూడండి. ఆమె ఆసుపత్రికి, కార్యాలయానికి వెళ్లవలసివస్తే తోడువెళ్లండి. ప్రభుత్వ నిర్ణయం కోసం ఆగనక్కరలేని పని ఇది.

ఇక్కడ కూర్చున్న విద్యార్థినులకు చివరిగా ఒక మాట చెబుతాను. అమ్మా, మీరు ఈ విశ్వవిద్యాలయానికి ఎవరి దయవల్లా రాలేదు. దాని నియమాలు రాయడంలో మీకు భాగం ఉంది. కొన్నేళ్లకు మీలో ఒకరు దండామి మాడియా ఇంటి నుంచో, దోర్లా ఇంటి నుంచో, హల్బా ఇంటి నుంచో వచ్చి ఆచార్యురాలై ఆ డీన్ కుర్చీలో కూర్చోవాలి. అప్పుడు మీ సంతకంతో వెళ్లిన కాగితానికి ఏడు జిల్లాల్లోనూ జవాబు రావాలి. అందుకు కావలసిన చదువు, సభలో మాట్లాడే అభ్యాసం, ప్రశ్న అడిగే అలవాటు ఈ ఏడాది నుంచే మొదలుపెట్టండి.